మనకి సెప్పలేదు, అంతే

పొయ్యి మీద పాలు పెట్టి, వాకిలి ఊడ్వడానికి చీపురు పట్టుకొని బయటికి వచ్చేసరికి కండక్టరు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా మీద తోలు సంచీ కూడా తీయలేదు. తిరుపతి నుంచి చిత్తూరుకు వచ్చే మొదటి బస్సు ఆయనదే. బస్సును స్టాండులో వదిలేసి నేరుగా మా ఇంటికి వచ్చినట్టున్నాడు. ఏళ్ళ తర్వాత కనపడ్డ మనిషి, కూర్చోమనే లోపలే చెప్పేశాడు.

"అక్క పోయింది చెల్లెమ్మా. నిన్న మధ్యాన్నం పడుకున్నామె నిద్దట్లోనే పోయింది."

నేను చీపురు కింద పడేశాను.

"ఏడ్సేదానికి ఇప్పుడు టైము లేదు. ఆడ బొట్టు కాడ పంచాయితీ నడస్తా ఉండాది. ముత్తైదువగా పంపాలని కొందరు, కూడదని కొందరు. ఆమె ఆడబిడ్డ కాణిపాకం నించి వచ్చి కూర్చోనుంది. పెద్దాయన నోరే తెరవలేదు. నువ్వు రావాల. ఆ పొద్దు అంగట్లో అక్క పక్కన ఉండింది మనమిద్దరమే కదా."

లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మా ఆయనకు రెండు ముక్కలు చెప్పి, కట్టుకున్న చీరతోనే బయల్దేరాను. బస్సు కదిలిన దగ్గర్నుంచీ నాకు ఒకటే భయం. నేను పోయేలోగా ఆమె నుదురు ఖాళీ చేసేస్తారేమోనని.

అక్క నా తోడబుట్టింది కాదు, చుట్టమూ కాదు. పెళ్ళైన కొత్తలో తిరుపతిలో మేం అద్దెకున్న ఇంటివాళ్ళామె. మిద్దె మీద మేము, కింద వెనకవైపు వాళ్ళ ఇల్లు, వీధివైపు వాళ్ళ అంగడి. పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మేవాళ్ళు. అంగడి అన్నదమ్ములిద్దరిది. పెద్దాయన గద్దె మీద కూర్చునేవాడు. భార్య పోయిన మనిషి, మాట తక్కువ. చిన్నాయన సరుకు తెచ్చేవాడు. ఆ చిన్నాయన భార్యే అక్క. పిల్లల్లేరు. కుంకుమ జల్లించి పొట్లాలు కట్టడం ఆమె పని. ఎంత తోమి కడుక్కున్నా ఆమె వేళ్ళకు ఆ ఎరుపు పోయేది కాదు.

మేం దిగిన రోజు నేను నీళ్ళ బిందె కోసం కిందికి వస్తే, ఆమె జల్లెడ పక్కన పెట్టి వారపత్రిక చదువుతోంది. తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"మిద్దె మీదకి వచ్చింది నువ్వేనా మ్మే? ఇది సదవతావా?"

అది ఆ రోజుల్లో అందరూ చదివే అంతరిక్ష సాహసాల సీరియల్. చదువుతానన్నాను.

"అయితే సెప్పు. పోయిన వారం కెప్టెన్‌కి దెబ్బ తగిలింది ఏ చేతికి?"

"ఎడమ చేతికి."

"ఈ వారం కట్టు కుడిచేతికి ఉండాది. ఎందుకు?"

రాసినాయన మర్చిపోయుంటాడన్నాను. బాడుగ ఇవ్వనని చెప్పినా ఆమె నన్ను అట్లా చూసేది కాదేమో.

"మర్చిపోలేదు. నడమన ఇంకో దెబ్బ తగిలింది. మనకి సెప్పలేదు, అంతే."

ఆ సీరియల్ పేరు నేనిక్కడ రాయను. దాన్ని ఒక్క మాటంటే ఇప్పటికీ కొట్లాటకు వచ్చేవాళ్ళున్నారు, నేనూ వాళ్ళలో ఒకదాన్ని. ఒక ఓడ, దానికొక కెప్టెన్, చంద్రం అనే పైలట్, పొడుగు జడ ఉన్న ఒక డాక్టరమ్మ, వాళ్ళు పోయే నక్షత్రాలు. అంతే కథ. వారానికి నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీల కోసం పత్రిక వచ్చే రోజు నేను అన్నం త్వరగా వండేసేదాన్ని. ఇంకో వెర్రివాడు కండక్టరు. అప్పట్లో ఆయన కొండ బస్సులో పనిచేసేవాడు. అలిపిరి దగ్గర డ్యూటీ దిగి, పత్రిక చంకలో పెట్టుకొని అంగడికి వచ్చేవాడు. మేం ముగ్గురం కుంకుమ జల్లెడ చుట్టూ చేరేవాళ్ళం.

కండక్టరుకు ఆ సీరియల్ అంటే ప్రాణం, దానిలో తప్పులంటే ఇంకా ప్రాణం. "నాకర్థం కాకడుగుతా అక్కా," అని మొదలెట్టేవాడు. "ఈడ్నించి కొండకి పోయేదానికే, బండి వేడెక్కి ఒకసారి, వాంతులకి రెండుసార్లు ఆపాల. శుక్రగ్రహం నించి ఒక్క పేరాలో యెట్ల వచ్చేసినారు వీళ్ళు?"

"దారిలో జరిగిందంతా రాస్తే నువ్వు సదవతావా? నీ బస్సులో వాంతుల సంగతి నువ్వు నీ పెండ్లానికి సెప్తావా?"

"సరే. డాక్టరమ్మ జడలో మల్లెపూలు. భూమి వదిలి ఎన్నాళ్ళయింది? వాడిపోవా?"

"ఓడలో మల్లెచెట్టు ఉండాది."

"నీళ్ళో?"

"స్నానం చేసిన నీళ్ళు పోస్తారు. ఆ మాత్రం తెలీదా అప్పా నీకు."

ఇద్దరూ కొట్లాడుకుంటుంటే నవ్వాలో, విడదీయాలో నాకు తెలిసేది కాదు. నా మనసు ఎప్పుడూ కండక్టరు వైపే ఉండేది, ఎందుకంటే తప్పులు తప్పులే కదా. కానీ రాత్రి పడుకున్నాక ఆ ఓడలో మల్లెచెట్టు కనపడేది. రాసినాయన రాయని చెట్టు. అదీ ఆమె పద్ధతి. కథలో బొక్క కనపడితే మేం వేలు పెట్టి పెద్దది చేసేవాళ్ళం. ఆమె అందులోంచి తొంగిచూసేది.

బొక్క ఉన్న చోట ఆమె పత్రిక మీద వేలు నొక్కిపెట్టి ఆలోచించేది. ఆలోచన తేలేదాకా వేలు తీసేది కాదు. తీసేసరికి కాగితం మీద ఎర్రటి ముద్ర. ఆమె చదివిన పత్రిక నా చేతికి వస్తే ముందు నేను కథ చూసేదాన్ని కాదు, ముద్రలు ఎక్కడెక్కడున్నాయో చూసేదాన్ని. ముద్ర పడిందంటే అక్కడ మనకు చెప్పని సంగతి ఒకటి ఉందని.

చిన్నాయన మమ్మల్ని చూసి నవ్వేవాడు. మంచి నవ్వు. మనిషికి ఒక్కటే పిచ్చి, జుట్టు. కొబ్బరినూనె రాసి, పాయ తీసి, వంకీలు దిద్ది, అద్దం ముందు నిలబడితే అన్న కేకేసినా కదిలేవాడు కాదు. కొండ కింద పుట్టి పెరిగి ఒక్కసారి కూడా గుండు ఇవ్వలేదు. "స్వామి అంగడి అడిగితే ఇచ్చేస్తా. జుట్టు మాత్రం అడగబాకు స్వామీ అని సెప్పుకున్నా," అనేవాడు. అక్క ఆ మాటకు మొట్టికాయ వేసి, వెంటనే చెంపలు వేసుకునేది.

ఒకరోజు అన్నదమ్ములకు సరుకు విషయంలో మాటామాటా వచ్చింది. మాటలేమిటో నాకు మిద్దె మీదకు వినపడలేదు, ఒక్క పెద్దాయన మాట తప్ప. "నువ్వు లేకపోయినా అంగడి నడస్తాది!" చిన్నాయన నీలం గళ్ళ చొక్కా తొడుక్కొని బయటికి పోయాడు. నగరి మగ్గాల గుడ్డ అది. ఆ ఏడు ఊళ్ళో సగంమంది ఆ గుడ్డే కుట్టించుకున్నారు. సాయంత్రానికి వస్తాడనుకున్నారు. రాలేదు. అక్క ఎప్పటిలాగే కుంకుమ జల్లించింది, పొట్లాలు కట్టింది, వీధి మలుపు వైపు మాత్రం చూడలేదు. చూస్తే రాడనుకుందేమో.

ఆ రోజుల్లోనే సీరియల్లో ఒక గొడవ జరిగింది. అంతకు ముందే పైలట్ చంద్రం చచ్చిపోయాడు. ఓడ ఇంజను గదిలో మంటలు లేచి, తలుపు తెరిస్తే కాలిపోయిన అతని కవచం కనపడింది. అందరూ ఏడ్చారు. మేమూ ఏడ్చాం. కొన్ని వారాల తర్వాత ఒక పేజీ అడుగున, ఏమీ జరగనట్టు, "ఇంధనం చూసుకోండి కెప్టెన్, అన్నాడు చంద్రం" అని ఉంది. కండక్టరు పొట్ట పట్టుకొని నవ్వాడు. చచ్చినోడు లేచొచ్చి ఇంధనం సంగతి చెప్పినాడంటూ వీధంతా వినపడేట్టు నవ్వాడు.

అక్క ఆ వాక్యం మీద వేలు పెట్టింది. చాలాసేపటికి గానీ తీయలేదు.

"సచ్చిపోయినాడని ఎవురు సూసినారు?" అంది. "తలుపు తీస్తే ఉండింది కవచం. మనిషిని సూసినోళ్ళు ఎవురు?"

కండక్టరు నవ్వు ఆపేశాడు. ఇద్దరం ఆమె ముఖం వంక చూడలేకపోయాం.

ఆ తర్వాత పోలీసులు వచ్చారు. రేణిగుంట అవతల రైలు పట్టాల పక్కన ఎవరో దొరికాడట. చుట్టాలెవరూ రాకపోతే వాళ్ళే పూడ్చిపెట్టారట. చొక్కా, ఫోటో దాచి ఉంచారు. పెద్దాయన స్టేషనుకు పోయి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూలబడి, "మనోడే," అన్నాడు. నీలం గళ్ళ చొక్కా. అంతే ఒడ్డూ పొడుగూ. అంత వయసే.

అక్క గడపలో నిలబడి అడిగింది. "ఫోటోలో జుట్టు ఉండాదా బావా?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "గుండు."

"అయితే ఆయన కాదు."

"మనసు ఇరిగిపోయి ఇచ్చేసినాడేమో తల్లీ. కొండకి పోయుంటాడు, ఆడ్నించి..." పెద్దాయన తుండుతో ముఖం కప్పుకున్నాడు. తనన్న మాటే తమ్ముణ్ణి తరిమిందని ఆయన నమ్మేశాడు. నమ్మి, కర్మలన్నా సరిగ్గా చేస్తే కొంత బరువు దిగుతుందనుకున్నాడు. చెడ్డవాడు కాదు. అదే కష్టం. చెడ్డవాడైతే అక్కకు పోట్లాడడం సులువుగా ఉండేది.

ఆమె తలస్నానం చేయనంది. పెద్దాయన మైల పట్టి అంగడి మూశాడు. మర్నాడు పొద్దున చూస్తే, అక్క ఒక్కతే అంగడి చెక్కలు ఒక్కొక్కటి తీసి గోడకు ఆనిస్తోంది. "సావే లేనప్పుడు మైల యాడిది?" అని జల్లెడ ముందేసుకొని కూర్చుంది. నుదుట కుంకుమ, చేతులకు గాజులు, మెళ్ళో తాళి. వీధివాళ్ళు ఆ అంగడి ముందు నుంచి పోవడం మానేశారు. ఏళ్ళ తరబడి ఆమె చేతి కుంకుమ తప్ప పెట్టుకోని ఆడవాళ్ళు, ఎదురు వరసలో నడిచిపోయారు. కొనేది ఎవరంటే, ఏమీ తెలియని పైఊరి యాత్రికులు. పెద్దాయన పక్క అరుగు మీద తలకు తుండు చుట్టుకొని కూర్చునేవాడు. అంగడి గడప తొక్కేవాడు కాదు, ఆమెను లెమ్మనేవాడూ కాదు.

కాణిపాకం నుంచి ఆడబిడ్డ దిగింది. పదో రోజు గాజులు తీయించి బొట్టు చెరపడానికి చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. తనంతట తాను తీయకపోతే పట్టుకొని తీస్తామని వంటింట్లో మాట్లాడుకోవడం నేను విన్నాను. విని, మెట్లెక్కి మా ఇంట్లోకి పోలేక, దిగి అంగట్లోకి పోలేక మధ్యలో నిలబడ్డాను. చివరికి అంగట్లోకే పోయి ఆమె పక్కన కూర్చున్నాను. కండక్టరూ వచ్చాడు. రేపే పదో రోజు. ఏం మాట్లాడాలో తెలియక ఆయన పత్రిక తెరిచాడు. రాసినాయన ఫోటో ఉన్న పేజీ. ఆ ఫోటో మాకు మా ఇంట్లోవాళ్ళ ముఖం కంటే బాగా తెలుసు. నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు, మందపాటి కళ్ళద్దాలు.

ఒక యాత్రికుడు వచ్చి నిలబడ్డాడు. నున్నటి గుండు, దాని మీద చందనం. కళ్ళద్దాలు లేవు, కళ్ళు చికిలించుకుంటున్నాడు. అర్ధశేరు కుంకుమ, కొంచెం కర్పూరం అడిగాడు. అక్క తూకం వేయడం మొదలెట్టింది. కండక్టరు మాత్రం పత్రిక మీద నుంచి కళ్ళెత్తకుండా, "ఈయనకి తలకాయ ఉండాదా అంట? సంపినోణ్ణి మళ్ళా తెచ్చినాడు, తెచ్చినోణ్ణి మళ్ళా వదిలేసినాడు," అని రచయితను దులిపేస్తున్నాడు. యాత్రికుడు వింటూ నిలబడ్డాడు. కట్టిన పొట్లం చేతికిస్తే తీసుకోలేదు.

"తలకాయ ఉందండి," అన్నాడు నెమ్మదిగా. "పైన జుట్టే ఇవాళ పొద్దున స్వామికిచ్చేశాను."

మాకు ఎక్కలేదు. ఆయనే జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకొని, పత్రికలో ఫోటో పక్కన ముఖం పెట్టి చూపించాడు. కండక్టరు లేచి నిలబడ్డాడు. అన్నాళ్ళుగా ఎవరికోసం కాపు కాశామో ఆ మనిషి, చేతికందే దూరంలో కుంకుమ కొంటూ నిలబడితే మాలో ఒక్కరికీ తెలియలేదు.

అక్క మాత్రం ఒక్కటే అడిగింది. అడగొద్దని నేను ఆమె కొంగు పట్టుకొని లాగాను కూడా. ఆయన ఏం చెబుతాడో నాకు తెలుసు. ఆ మాట ఆ రోజు ఆమె చెవిన పడకూడదనుకున్నాను.

"స్వామీ, చంద్రం సచ్చిపోయినాడా, లేదా?"

ఆయన సిగ్గుపడ్డాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి. "నిజం చెప్పమంటారా అమ్మా? చంపేశానన్న సంగతే మర్చిపోయానండి. అచ్చైపోయాక ఎవరో చెబితే తెలిసింది. నాది పొరపాటు."

అరుగు మీద పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. లోపలి నుంచి ఆడబిడ్డ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్క ముఖంలో రక్తం లేదు. తూకం రాయి చేతిలో పట్టుకొని ఆయన్నే చూస్తోంది. ఇక అయిపోయింది, రేపు తనే గాజులు తీసి ఇచ్చేస్తుంది అనుకున్నాను.

"రాసింది నువ్వే స్వామీ. కాదనను," అంది చివరికి. "గానీ నీకేం తెలుసు?"

ఆయన బిత్తరపోయి, తర్వాత మెల్లగా తలూపాడు.

అప్పుడామె ఫోటో చూసింది, గుండు చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. రాయి కింద పెట్టేసి, "బావా," అని పిలిచింది. ఆమె ఆయన్ని అంత గట్టిగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. "ఇట్ట రా. ఈ ఫోటో నువ్వూ వారం వారం సూస్తావే. ఈయన వచ్చి నీ ముందరే నిలబడి ఎంతసేపయింది? గుర్తుపట్టినావా?"

పెద్దాయన అరుగు మీద నుంచే మెడ సాచి ఫోటో చూశాడు.

"నేను పట్టలేదు. ఈ కండక్టరప్ప పట్టలేదు. గుండు కొట్టించుకుంటే బతికుండే మనిషిని, ఎదురుగా మాట్లాడతా ఉంటే పోల్చుకోలేకపోయినాం. పూడ్చిపెట్టినోణ్ణి ఫోటోలో గుండు సూసి మనోడే అని నువ్వు యెట్ల సెప్పినావు బావా?"

పెద్దాయన చాలాసేపు ఆ రచయిత గుండు వైపే చూశాడు. పాపం ఆ రచయితకేమీ అర్థం కాక, తప్పు చేసినవాడిలా తలవంచుకొని నిలబడ్డాడు. అప్పుడు పెద్దాయన అరుగు దిగాడు. తల తుండు విప్పి భుజాన వేసుకున్నాడు. కాళ్ళు కడుక్కున్నాడు. అంగడి గడప దాటి వచ్చి గద్దె మీద కూర్చొని, "ఆయనకి కర్పూరం కూడా కట్టియ్యమ్మా," అన్నాడు. ఆడబిడ్డ గుమ్మంలో భోరుమంది. మైల పోయింది, పదో రోజూ పోయింది. చుట్టాలు సాయంత్రం బస్సులకు వెళ్ళిపోయారు.

చిన్నాయన రాలేదు. సీరియల్ అయిపోయింది. చంద్రం మళ్ళీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వీధి ఆడవాళ్ళు ముందు ఒకరు, తర్వాత నలుగురు అక్క చేతి కుంకుమకు తిరిగి వచ్చారు. మా ఆయనకు చిత్తూరు బదిలీ అయిన రోజు, ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, వస్తాడంటావా?"

"వస్తాడని నేనెప్పుడు సెప్పినా మ్మే?" అంది, నా నుదుట బొట్టు పెడుతూ. "పోయినాడని మీరు సెప్పబాకండి. అంతే."

కండక్టరూ నేనూ తిరుపతి చేరేసరికి అక్కను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. స్నానం చేయించారు, చీర మార్చారు. నుదురు ఖాళీగా ఉంది. ఆ నుదురు అట్లా చూడడం అదే మొదలు.

ఆడబిడ్డ నన్ను చూసి తల తిప్పుకుంది. ముసలిదైపోయింది. "నన్ను తప్పుపట్టబాకమ్మా," అంది. "వాడు నా తమ్ముడు. ఇన్నేళ్ళయింది, వాడికి ఒక్క చెంబు నీళ్ళు వదిలినోళ్ళు లేరు. ఈమెకి బొట్టు పెడితే వాడు ఇంకా యాడ్నో ఉండాడని అర్థం. లేనోడికి ఆకలి కాదా?" ఆమె ఏడుస్తోంది. ఆ పొద్దు సంగతి గుర్తుచేయాలని వచ్చినదాన్ని, వెనక్కి జరిగి గోడకానుకున్నాను. కండక్టరు కూడా గోడకానుకొని నిలబడ్డాడు.

ఆడబిడ్డ తన అన్న వైపు తిరిగింది. "అన్నా, ఆ పొద్దు ఫోటో సూసింది నువ్వు ఒక్కడివే. నువ్వు సెప్పు. వాడు పోయినాడా, లేదా?"

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన కర్ర పట్టుకొని లేచాడు. అంగట్లోకి పోయాడు. తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో కుంకుమ గిన్నె ఉంది. ఆమె జల్లించి పెట్టిందే అయ్యుంటుంది. తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పెట్టు మ్మే," అన్నాడు.

"అన్నా, అడిగినదానికి సెప్పకుండా..."

"నాకు తెలీదు," అన్నాడాయన. "ఆ పొద్దూ తెలీదు. మనకి సెప్పలేదు, అంతే."

ఆడబిడ్డ కొంగుతో కళ్ళు ఒత్తుకొని, కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నేను వంగి, అక్క పెట్టుకున్నంత పెద్దగా, గుండ్రంగా బొట్టు పెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు చిత్తూరు బస్సు కండక్టరుదే. నా దగ్గరికి వచ్చి టికెట్టు చింపి ఇచ్చాడు. అందుకుంటే దాని మీద నా ఎర్రటి వేలిముద్ర పడింది. ఆయన ఆ ముద్రను చూశాడు, నేనూ చూశాను. ఆ తర్వాత ఆయన ముందు సీట్లోవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.